అట్టపెట్టె రోబో

ఒక అమ్మాయి ఆలోచనను ఆమెకు తెలియకుండా బయటికి ఇచ్చేశాను. ఆ నింద ఆమె స్నేహితురాలి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఏళ్లుగా ఈ బరువు నా లోపలే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక బడిలో సైన్స్ చెబుతాను. పిల్లల రోబోటిక్స్ జట్టును చూసుకునేదీ నేనే. పోటీ అంశం రాగానే మాకో పద్ధతి ఉంది. మొదటి వారం ఎవరూ కంప్యూటర్ ముట్టుకోరు. ఎవరి ఊహను వాళ్లు అట్టముక్కలతో చేసి తెస్తారు. గదిలో చూసినది గది దాటకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

ఆ ఏడు రోబో ఒక పెట్టెలోని బంతులను తొట్టిలోకి చేర్చాలి. అందరూ బంతిని పట్టుకునే చేతులు చేశారు. శ్రావణి మాత్రం చెప్పుల డబ్బాతో ఒక చట్రం తెచ్చింది. వాళ్ల నాన్న పనిచేసే చోట బొగ్గు వ్యాగన్‌ను మొత్తంగా పక్కకు తిప్పి బోర్లించే యంత్రం ఉందట. ఒక్కో బంతినీ ఏరడమెందుకు, పెట్టెనే బోర్లిస్తే సరి అంది.

ఆమె ప్రాణస్నేహితురాలు రజిత పగలబడి నవ్వింది. "ఏందే గిది, రోబోనా, కోళ్ల గంపనా?"

"నవ్వు నవ్వు. గెలిచినంక గీ గంప కిందనే నిన్ను కమ్ముత."

అందరూ వెళ్లాక శ్రావణి నా దగ్గరికి వచ్చింది. బడిలో మరాఠీ మాట్లాడే పిల్ల రజితతోనూ నాతోనూ మాత్రం ఇంటి తెలుగే మాట్లాడేది.

"సార్, గిది ఎవ్వరికి చూపియ్యకుండ్రి. ఇంక కచ్చగనే ఉన్నది, పూరా కాలే."

"చూపిస్తే ఏమైతది?"

"మంది చూస్తే గిట్లనే ఉండాలె అనిపిస్తది సార్. ఇగ నాకు మార్చబుద్ధి కాదు."

సరే అన్నాను. ఆ వారంలోనే ఆ డబ్బాను వీడియో తీసి నాగపూర్‌లోని ఒక పెద్ద బడికి పంపాను. అక్కడి రోబోటిక్స్ సార్ నాకు తెలుసు. అక్కడ ఒక ఉద్యోగం ఖాళీగా ఉందనీ తెలుసు. మా పిల్లలు ఎలా ఆలోచిస్తారో చూడండి అని రాశాను. నిజానికి చూపించుకున్నది నన్ను నేను. పచ్చి ఆలోచనను పంచుకుంటే పదిమందికీ మేలే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పంచడానికి అది నాదా?

పోటీలో ఆ బడి వంతు మాకంటే ముందు వచ్చింది. వాళ్ల రోబో పెట్టెను పట్టుకుని బోర్లించింది. మా వంతు వచ్చినప్పుడు న్యాయనిర్ణేత ఈ ఊహ ఎవరిదని అడిగాడు. నాదే అంది శ్రావణి. ఆయన చిన్నగా నవ్వాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? ఆ ఉద్యోగం పోతుందనా, ఆ పిల్ల ముఖం చూడలేకనా? ఇన్నేళ్లుగా అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను, ఏ వైపు నుంచి చూసినా అందులో నా భయం తప్ప ఇంకేమీ కనబడదు. కొత్త ఆలోచనకిచ్చే బహుమతి వాళ్లకే వెళ్లింది.

రజిత మేనమామ కొడుకు ఆ నాగపూర్ బడిలోనే చదివేవాడు. తిరుగు బస్సులో శ్రావణి అంది, "నువ్వే చెప్పినవ్." రజిత ఒట్లు పెట్టింది, ఏడ్చింది. నేను ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మరుసటి ఏడు శ్రావణి అట్టముక్కలేవీ తేలేదు. ఇంటర్నెట్‌లో దొరికే చేతినే చేసుకొచ్చింది. బాగానే పనిచేసింది. ఇదెక్కడిదని అడిగాను.

"అందరు చేసేదే సార్. ఎవరిదని ఎవ్వరు అడగరు."

నాకు ఆ ఉద్యోగం రాలేదు. వచ్చి ఉంటే ఇది రాసేవాణ్ణా? తెలియదు. ఆ అమ్మాయిలిద్దరూ ఇప్పటికీ ఒకే కాలనీలో ఉంటారు. మాటల్లేవు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. వాళ్లకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇది తెలుగులో రాయడానికి ఆ ధైర్యమే కారణమేమో. కానీ ఎవరైనా చదివి వినిపిస్తే ప్రతి మాటా అర్థమవుతుంది. క్షమించమని అడగను. బస్సులో అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

రజిత కాదు శ్రావణీ. నేను.