పక్కన కూర్చునే మనిషి

పందొమ్మిదివందల అరవైలలో నేను విశాఖలో హిస్టరీ ఎమ్మే చదివేవాణ్ణి. ఇందుకూరుపేటలో స్నేహితుడి పెళ్లి చూసుకుని, నెల్లూరు బస్సులో కూర్చుని పరీక్ష కోసం నకలు రాసుకున్న కాగితాలు తిరగేస్తున్నాను.

“ఏంది నాయనా, అంత దిగులుగా చదవతా ఉండావు?” అంది పక్క సీటులోని పెద్దావిడ.

దాదాపు ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రైతులు తిరగబడ్డారనీ, దొర దస్తావేజులు తగలబెట్టాడని ఒకణ్ణి పట్టుకున్నారనీ, ఇవి అతని కోర్టు కాగితాలనీ చెప్పాను.

“ఆయన పక్కన ఎవురు కూర్చున్యారు?”

నాకు అర్థం కాలేదు. వాళ్ల పల్లెలో నేరం మోపినవాణ్ణి పెద్దల ముందు ఒంటరిగా ఉంచరట. దొంగైనా సరే, తనవాళ్లలో ఒకరు భుజం ఆనించి పక్కన కూర్చోవాలట. ఆ తర్వాతే విచారణ.

“కూలి పెంచమని అడిగినోళ్లలో నా కొడుకు ముందుండాడు. ఆసామి గడ్డివామి వాడే తగలబెట్టినాడని కేసు పెట్టినారు. ఇయ్యాల తీర్పు. పోయిన వాయిదాకి బోను దగ్గరికి పోతే పోలీసాయన నన్ను బయటికి నెట్టేసినాడు. వాడు అంతసేపూ ఒక్కడే నిలబడినాడు నాయనా.”

నా చేతిలోని కాగితాల వైపు చూసి, “ఆయన మీద సాక్ష్యం చెప్పిందెవురు?” అంది.

“ఊరివాళ్లే.”

“మావాడి మీదా అంతే” అని కిటికీ వైపు తిరిగింది.

చివరికి ఆ ఇంగ్లండు రైతునేం చేశారని అడుగుతుందేమోనని నెల్లూరు దాకా భయపడుతూనే ఉన్నాను. అడగలేదు. కోర్టు దగ్గర దిగబోతూ మాత్రం ఆగి, “ఆయనకి అమ్మ ఉండిందా?” అంది.

బస్సు కదిలాక కాగితాలన్నీ మళ్లీ వెతికాను. ఉరి తీశారన్న మాట ఉంది. తల్లి మాట ఎక్కడా లేదు.