ట్యాబులో మేకకు వంతు మేత

నేను లెక్కల టీచరుగా రిటైరైన మనిషిని. సాలూరులో ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసినన్నాళ్ళూ, జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే సగం మార్కులు కోసేసేదాన్ని. పిల్లలు చాటుగా నన్ను కత్తెర అనేవారని తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనబడనివ్వలేదు. ఇప్పుడు అరకు కొండల్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి గూడెం ప్రాథమిక పాఠశాలకి ఆమె ఒక్కతే టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ ఒకే గదిలో. మా అద్దె ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ గది గుమ్మం కనిపిస్తుంది, ఎక్కాలు వినిపిస్తాయి. ఏడో ఎక్కం ఎవరైనా తప్పు చదివితే అరుగు మీంచే దిద్దుతాను. మా అమ్మాయికి అది నచ్చదు.

కిందటేడు వానలు తగ్గాక ఆ బడికి నాలుగు ట్యాబులు వచ్చాయి. పట్నం నుంచి ఏదో సంస్థవాళ్ళు పంపారు. వాటిలో లెక్కల ఆట ఉంది. ప్రతి పిల్లకీ ఒక మేకపిల్ల. తెర మీద తన ఫోటో నొక్కితే తన మేక వస్తుంది. లెక్క సరిగ్గా చేస్తే మేకకి గడ్డి పడుతుంది. మేస్తున్నకొద్దీ మేక పెరుగుతుంది, కొమ్ములు వస్తాయి, ఆ తర్వాత మెడలో గంట. మేక పెరిగినకొద్దీ లెక్కలూ కష్టమవుతాయి. ఒక రోజు మేత పడకపోతే మేక కూలబడి మే మే అని అరుస్తుంది. ఆ అరుపు చేసినవాడెవడో గాని గట్టివాడు. మా అరుగు దాకా వినిపించేది.

నేను మొదట్లో ముఖం చిట్లించాను. పలకా బలపం ఉండగా ఈ గాజు పలకెందుకన్నాను. తీరా మా అమ్మాయి బడి వదిలాక ఛార్జింగుకి పెట్టిన ట్యాబులో ఓ సాయంత్రం నాకూ ఒక మేక తయారైంది. దాని సంగతి వదిలేద్దాం.

నాలుగో తరగతిలో ఒక గుంట ఉండేది, గుంటంటే ఇక్కడ ఆడపిల్ల. బక్కగా, ముక్కుకి రెండు పక్కలా పోగులతో, నోరు విప్పితే ఊరంతా వినబడే గొంతుతో. రెండో తరగతిలో ఉండగా బడి చూడటానికొచ్చిన పెద్దమనిషి ఎవరో ఆమె చదవలేకపోయిందని అందరి ముందూ నవ్వాడట. ఆ రోజు బయటికి పోయిన పిల్ల మళ్ళీ వానాకాలం దాకా బడి గడప తొక్కలేదు. మా అమ్మాయి వాళ్ళింటి చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకుంది. ఇంకోసారి అలాంటిది జరిగితే ఇక తిరిగినా ఫలితం ఉండదని వాళ్ళమ్మ ముందే చెప్పేసింది.

కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి ఆ గుంట బడి మానేసింది. ఆ నెలల్లో అది మామూలే. తోటలో పళ్ళు కోయాలంటే ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి. ఒక శుక్రవారం అరకు సంతకి వెళ్ళి జీపు దిగి నడిచి వస్తుంటే తోటలో కనిపించింది. నడుముకి బుట్ట, చేతులకి కాఫీ పళ్ళ జిగురు.

"ఏమే, బడికెప్పుడొస్తావు?"

"పళ్ళయిపోనీ మామ్మా. నా మేక బాగుందా?"

బాగుంటుందా పాడా, మేత లేక పడుకుని ఉంటుందిలే అనుకున్నాను. చూసి చెబుతానన్నాను. ఇంటికొచ్చి, ఛార్జింగులో ఉన్న ట్యాబు తీసి ఆమె ఫోటో నొక్కాను. మేక నిగనిగలాడుతోంది. వంకర తిరిగిన కొమ్ములు, మెడలో గంట. బడిలో ఏ మేకకీ అప్పటికి గంట రాలేదు. నా మేకకీ రాలేదు. పైగా అది భాగహారం అడుగుతోంది. ఆ గుంట బడి మానేనాటికి తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం కూడా సరిగ్గా రాదు.

మర్నాడు బడి గుమ్మంలో నిలబడి అడిగాను.

"ఈ మేకని మేపిందెవరర్రా?"

ఎవరూ దాచలేదు. మూడో తరగతి గుంటడు ముందుకొచ్చాడు. "సోమారం నాను మేపినాను మామ్మా. మంగళారం రెండోతరగతోల్ల వొంతు. నిన్న అయిదోతరగతోల్లు."

"దాని మనిషి బడికే రాలేదు కదా."

"రానేదు గాబట్టే మేపినాం. వొత్తే మాకేటి పని?"

"తప్పు కదురా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఆకలికి అరుత్తంటే ఎలాగ ఒగ్గీమంటావు మామ్మా? నీకు సెవుడేటి?"

మా అమ్మాయి నల్లబల్ల వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. నేను చూశాను.

నాకు అప్పుడు తెలిసింది. ఈ గూడెంలో ఎవరి మేకల్ని వాళ్ళు తోలుకెళ్ళరు. ఇంటికో రోజు చొప్పున వంతు. వంతు వచ్చినవాళ్ళు ఊరి మేకలన్నిటినీ కొండకి తోలతారు. ఒక ఇంట్లో జ్వరమొచ్చినా, సంతకి పోయినా, ఆ ఇంటి మేకల్ని కట్టుగొయ్యకి వదిలేయరు. ఇంకొకరు వాళ్ళ వంతు కూడా మోస్తారు, తర్వాత తీర్చుకుంటారు. పిల్లలకి గాజు వెనక మేకైనా మేకే. మనిషి బడిలో లేదు, మేక అరుస్తోంది, వంతు వేసుకున్నారు. అంతమందీ పోటీలు పడి మేపితే అది బలవక ఏమవుతుంది?

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ గూడెంలో సిగ్నల్ లేదు. మా అమ్మాయి శనివారం శనివారం ట్యాబులన్నీ సంచీలో వేసుకుని, పెదబయలు వైపు రోడ్డు మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. అక్కడ సిగ్నల్ తగలగానే ట్యాబులు తమకి తెలిసిందంతా పట్నానికి చెప్పేస్తాయి. కాఫీ కోతలు ముగిసి ఆ గుంట బడికి తిరిగొచ్చిన వారమే ఫోనుకి కబురొచ్చింది. కొండ బళ్ళకి లెక్కల పోటీ పెడుతున్నారట. ఒక్కో బడి నుంచి అందరికంటే బలిసిన మేక ఎవరిదో వాళ్ళే రావాలట. రెండు వారాల వ్యవధి. మా బడి నుంచి ఎవరి పేరు వచ్చిందో చెప్పక్కర్లేదు.

"నిజం చెప్పేసి పేరు తీయించెయ్," అన్నాను మా అమ్మాయితో.

"ఏమని చెప్పను? మా పిల్లలు మేక మీద జాలిపడ్డారనా? దొంగ లెక్కలు ఎక్కించామంటారు."

"అక్కడికెళ్ళి తెల్లమొహం వేస్తే ఆ పిల్ల ఇక బడికి రాదు. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే నిన్నడుగుతున్నాను. నేర్పు."

ఆ గుంటనే పిలిచి, వెళ్ళడం ఇష్టమేనా అని అడిగాం. "నా మేకెల్తంటే నానెల్లకపోతే ఎలాగ?" అంది. దారిలో జీపు ముందు సీటు తనకే కావాలని కూడా అంది.

నేను పట్టిక వేశాను. మూడు రోజులు తీసివేత, నాలుగు రోజులు గుణకారం, మిగతాదంతా భాగహారం. మొదటి సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ట్యాబు చేతికిచ్చాను. ఆమె తన ఫోటో నొక్కకుండా ఒకటో తరగతి బుడ్డోడి ఫోటో నొక్కింది.

"అదేమిటే?"

"లెక్కలు తేలిగ్గున్నప్పుడు ఈడు నా మేకని మేపినాడు గదా. ముందు ఈడి వొంతు తీర్సాల. వొంతులుంచుకుంటే మాయమ్మ తిడతాది."

"పోటీ అయ్యాక తీర్చుకో."

"మేకలాగుతాయేటి మామ్మా, పోటీ అయిందాకా?"

నా పట్టిక ఆ నిమిషానే పోయింది. ఆమె బుడ్డోడి మేకకి కూడికలు చేసింది. వాడు పక్కనే కూర్చుని, తన మేకకి సరైన గడ్డి పడుతోందో లేదో కాపలా కాశాడు. తప్పు చేస్తే మోచేత్తో పొడిచాడు. మర్నాడు రెండో తరగతి వాళ్ళ తీసివేతలు. అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగిపోతే, ఆ మేక తాలూకు గుంట తనకి తెలిసినదంతా కోపంగా చెప్పింది, ఎందుకంటే అవతల తన మేక అరుస్తోంది. ఆ తర్వాత మూడో తరగతి గుణకారాలు. నాలుగో సాయంత్రానికి గాని నాకు తట్టలేదు, నేను వేసిన పట్టిక వరసే ఇదీనని. కాకపోతే నా పట్టికలో పొడిచేవాళ్ళు లేరు.

భాగహారం దగ్గర మాత్రం బండి ఆగింది. నేను చెప్పే పద్ధతి ఆమెకి ఎక్కలేదు. భాజకం, భాజ్యం, దించుకోవడం... చూపు వాకిట్లో కోడి మీదికి పోతోంది. ఐదో తరగతి పిల్లాడొకడు విసిగిపోయి అన్నాడు, "పోగులెయ్యే, పోగులు."

పండగకి మేకని కోస్తే ఊళ్ళో మాంసం పోగులు వేస్తారు. ఇంటికొక పోగు, అన్నీ సమానం. చిన్నపిల్లలు కూడా చూపుతోనే హెచ్చుతగ్గులు పట్టేస్తారు. ఆ గుంట ట్యాబు కింద పెట్టి చింతగింజలు తెచ్చుకుంది. ఏడిళ్ళకి ముప్పై ముక్కలు. గబగబా వేసింది.

"పోగుకి నాలుగు. రెండు మిగిల్నాయి."

"ఆ రెండూ శేషం. పక్క గడిలో రాయి."

"శేషం ఎవులికి మామ్మా?"

"ఎవరికీ కాదు. మిగిలింది, అంతే."

"అలాగెలాగ మిగుల్తాది? కోసినోడికిచ్చీయాల."

అప్పట్నుంచి శేషం గడిలో అంకె వేసినప్పుడల్లా, "కోసినోడికి," అని గొణుక్కునేది. నేను దిద్దలేదు. లెక్క తప్పడం లేదు.

పోటీ రోజున జీపు ముందు సీటు ఆమెకే వచ్చింది. నేనూ మా అమ్మాయీ వెనక. పోటీ పెట్టిన హాల్లో పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టారు. మేమంతా గోడ వారన. సంస్థ తరఫున వచ్చిన కుర్రాడు నియమాలు చెప్పాడు. పావుగంట సమయం. ఎవరి మేకకి వాళ్ళే మేత పెట్టాలి. తప్పు చేసినా, ఆలస్యం చేసినా మేక చిక్కిపోతుంది. పిల్లల మేకలన్నీ గోడ మీది పెద్ద తెరలో కనబడతాయి. ఆ చివరి ముక్క వినగానే ఆ తెర ఎంత పెద్దదో తల తిప్పి చూశాను.

మా గుంట పెదాలు కదుపుతూ చేస్తోంది. తప్పు చేయడం లేదు, కానీ నిదానం. పోగులు వేయడానికి వేళ్ళు చాలక ఒడిలో గీతలు గీసుకుంటోంది. తెర మీద ఆమె మేక మెడలోంచి గంట పోయింది. తర్వాత పక్కటెముకలు కనబడ్డాయి. నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి గమనించాను, మిగతా మేకలూ అలాగే ఉన్నాయి. ఒకటి కొమ్ములు కూడా పోగొట్టుకుంది. రోడ్డు పక్క ఊరి బడి నుంచి వచ్చిన పిల్లాడి మేక ఒక్కటే పొగరుగా నిలబడి ఉంది.

సమయం అయ్యాక ఆ కుర్రాడు తెర వంక, పిల్లల వంక చూశాడు. పాపం, నిజంగానే దిగులుపడ్డాడు. మా గుంట ముందు వరసలో ఉంది కాబట్టి ఆమెనే అడిగాడు.

"నిన్నటిదాకా అంత బలంగా ఉన్న మేక ఇవాళ ఇలా అయిపోయిందేమ్మా?"

రెండో తరగతిలో ఆమె బయటికి పోయిన గుమ్మం నా కళ్ళకి కట్టింది.

ఆమె లేచి నిలబడింది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. "అప్పుడు ఊరంతా మేపినారు. ఇయ్యాల నానొక్కదాన్నే మేపినాను."

"ఊరంతానా? నువ్వేం చేస్తున్నావు అప్పుడు?"

"కాఫీ కోతలకెల్నాను. ఆల్లు నా వొంతు మోసినారు. అందరికీ తీర్సీసినాను కూడా."

ఆ కుర్రాడికి అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత మెల్లగా అడిగాడు, "ఇక్కడ ఇంకెవరి మేకల్నయినా వేరేవాళ్ళు మేపారా?"

ముందు ఒక చెయ్యి లేచింది, దాని వెనక ఇంకొకటి. వెనక వరస నుంచి ఒక పిల్లాడు రెండు చేతులూ ఎత్తాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. లేవని చేతుల్ని లెక్కపెట్టడం తేలిక. ఆ కొండల్లోని బళ్ళన్నీ కలిసి, తమ తమ బళ్ళలో అందరికంటే ఎక్కువ రోజులు మానేసిన పిల్లల్ని ఏరి ఏరి లెక్కల పోటీకి పంపాయి. కుర్రాడు కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు, టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బహుమతి పొగరుమేక పిల్లాడికి వెళ్ళింది. వాడు దానికి అర్హుడే, మెట్లన్నీ సరిగ్గా వేశాడు.

సోమవారం నేను పొద్దున్నే అరుగెక్కి కూర్చున్నాను. ఎక్కాలు వింటున్నట్టు నటించాను గాని చూపంతా దారి మీదే. బడి మొదలయ్యే వేళకి ఆమె వచ్చింది. నన్ను చూసి ఆగలేదు, లోపలికి పోయి ట్యాబు లాక్కుంది. మూడో తరగతి గుంటడు సాయానికి చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టుకోకు," అంటున్న గొంతు అరుగు దాకా వినిపించింది. "దీన్ని సిక్కించింది నాను. మేపీదీ నానే."