పసుపులో తడిసిన హారన్

మొన్న పళ్ళికొండ దగ్గర ఎవరో కొత్త కారుకు పూజ చేస్తుంటే తడి పసుపు వాసన వచ్చింది. వెంటనే నా చెవుల్లో గుడియాత్తంలోని మా తాత కారు హారన్ మోగింది.

ఆంధ్ర వేరుపడి, మేం మద్రాసు వైపే ఉండిపోయిన ఏడాది తాత పోయాడు. తన ముఖానికి మానేసిన పసుపును అవ్వ ఆయన కారుకు పెట్టేది. ప్రతి శుక్రవారం స్టీరింగు మీద చెంబెడు పసుపు నీళ్ళు పోసేది. కొన్నాళ్ళకు, లోపల ఎవరూ లేకుండానే హారన్ మోగసాగింది, అచ్చం వీధి మలుపులో తాత కొట్టినట్టే.

"తాత పిలుస్తా ఉండాడు," అనేది అవ్వ. నేను తలుపు చాటున దాక్కునేదాన్ని.

అవ్వ కొడుకు, మా మామ, భయపడి వేలూరు నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన హారన్ గుండీ ఊడదీశాడు. లోపల స్ప్రింగు తుప్పుపట్టి పసుపు ముద్దలో అతుక్కుపోయి ఉంది.

"నీళ్ళు దిగి కరెంటు కలిసిపోతా ఉండాదమ్మా. కొత్త స్ప్రింగు వేసినాను. ఇంక నీళ్ళు పోయొద్దు, మోగదు."

"సరే నాయనా," అంది అవ్వ.

ఆయన పాత స్ప్రింగును సంచిలో వేసుకున్నాడు. తాతను వేలూరికి తీసుకుపోతున్నాడనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

శుక్రవారం అవ్వ నిండు చెంబుతో వచ్చి, ఆ గుండీ మీదే మొత్తం పోసి, కారు పక్కన కూర్చుంది.

"అవ్వా, పోయొద్దన్నాడు కదా?"

"నేనూ విన్నాలే. సద్దు చెయ్యొద్దు."

మెకానిక్ మాట అవ్వకు అర్థం కాలేదనుకున్నాను. కాదని, నేనూ పసుపు మానేసిన ఈ వయసులో తెలుస్తోంది.