లేవబుద్ధి కాని కుర్చీ

మా చిన్నాయన కొడుకు మునిచంద్రకు అభిరుచి అనే జబ్బు బెంగుళూరులో తగులుకుంది. ఊళ్లో ఉన్నంత కాలం వాడు మామూలు మనిషే. డిగ్రీ తప్పి బెంగుళూరు పోయి, కలవారి ఇళ్లకు లోపలి అలంకరణ చేసిపెట్టే ఒక దుకాణంలో బిల్లులు రాసే ఉద్యోగంలో చేరాడు. పన్నెండేళ్లు బిల్లులు రాసి, రెండువేల ఒకటిలో పలమనేరు వచ్చి ఇల్లు కట్టుకునేటప్పటికి, దుకాణం యజమానికి కూడా లేనంత అభిరుచి వాడికి వచ్చేసింది.

పలమనేరులో అందరూ లావుపాటి రెక్సిన్ సోఫాలు కొనుక్కుంటున్న రోజులవి. సోఫా మీద ప్లాస్టిక్ కవరు తీయకుండా పదేళ్లు కూర్చోగలిగితే అదొక గొప్ప. మునిచంద్ర మాత్రం యాభైల నాటి, అరవైల నాటి టేకు సామాను తప్ప దేన్నీ గడప దాటనీయడు. కాళ్లు ఏటవాలుగా, కిందికి పోనుపోను సన్నబడాలి. చెక్కుళ్లూ పువ్వులూ ఉండకూడదు. హాలు మధ్యలో మామిడిపిందె ఆకారంలో ఒక బల్ల వేశాడు. అది మోకాలికి జానెడు కిందే ఉంటుంది. దాని మీద కాఫీ గ్లాసు పెట్టాలంటే దండం పెట్టినట్టు వంగాలి. పెట్టేలోపలే వాడు పరుగెత్తుకొచ్చి, చెక్కకు మరక పడుతుందని గ్లాసు కింద గుండ్రటి అట్టముక్క తోస్తాడు. మూలన పలకని వాల్వు రేడియో ఒకటి, పక్కనే మూడుకాళ్ల దీపం ఒకటి. ఆ దీపం వెలుగులో ఎదుట కూర్చున్నది బావో బామ్మర్దో తెలిసేది కాదు.

వాడి భార్య రూపశ్రీ తిరుపతి పిల్ల. ఒకసారి నాతో మెల్లగా చెప్పింది. "ఏమనుకోవద్దు బావా. ఈ ఇంట్లో కాళ్లు సాపుకోని కూర్చునే తావు వంటిల్లొకటే ఉండాది."

ఆ సామాను సంపాదించడానికి వాడొక పద్ధతి కనిపెట్టాడు. ఆటో నిండా ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఊళ్లమీద పడేవాడు. ఒక పాత కుర్చీ ఇస్తే రెండు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు. వాళ్లు వీణ్ణి పిచ్చోడని నవ్వుకునేవాళ్లు, వీడు వాళ్లను ఎడ్డివాళ్లని నవ్వుకునేవాడు. రెండు వైపులా అంత సంతోషంగా ముగిసిన బేరాలు నేను మరెక్కడా చూడలేదు.

అన్నీ ఉన్నా వాడికొక కొరత. మా ఊరు అక్కడికి ఏడు మైళ్లు. ఆ ఊరివాళ్లు ఒక్కరూ వాడి ఇంటికి రాలేదు. గృహప్రవేశానికి డెబ్భై పత్రికలు పంచితే నేనూ మా ఆవిడా పోయాం, అంతే. కారణం వాడికీ తెలుసు. మా ఊళ్లో పెళ్లికి రాకపోయినా సర్దుకుంటారు గానీ చావుకు రాకపోతే మరిచిపోరు. బెంగుళూరులో ఉన్న పన్నెండేళ్లలో వాడు ఒక్క చావుకూ రాలేదు. సొంత తండ్రి, మా చిన్నాయన గంగాధరం, తొంభై రెండులో పోయినప్పుడు మరునాడు ఉదయం దిగాడు. అప్పటికి చితి చల్లారిపోయింది. సెలవు దొరకలేదన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్లో ఏమీ అనకపోవడమే పెద్ద తిట్టు.

"ఒక్కసారన్నా," అన్నాడు ఒకరోజు నాతో. "మనోళ్లు ఒక్కసారి వచ్చి ఈ హాల్లో కూర్చోని, బాగుండాదిరా మునీ అంటే సాలు నాకు." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాణ్ణి చూసి నవ్వని రోజు నాకు గుర్తున్నంతవరకూ అదొక్కటే.

ఆ తర్వాత రెండు నెలలకే ఆ కుర్చీ వచ్చింది.

వెడల్పాటి చేతులు, వెనక్కి వాలిన పేము అల్లిక, సన్నటి ఏటవాలు కాళ్లు. చూడగానే గుర్తుపట్టాను. అది మా ఊరి కుర్చీ. వాడు బెంగుళూరు పోయాక పడగొట్టిన ట్రావెలర్స్ బంగళా నుంచి మా ఊళ్లోకి వచ్చింది. మా ఊళ్లో మనిషి పోతే పడుకోబెట్టరు. స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి దండలు వేస్తారు. దూరం నుంచి రావలసినవాళ్లు వచ్చేదాకా అలాగే ఉంచుతారు. మామూలు కుర్చీలో అయితే శవం ముందుకు జారుతుంది. ఇందులో జారదు. అప్పటినుంచీ ఊళ్లో పోయిన పెద్దవాళ్లందరూ అందులోనే కూర్చుని వెళ్లారు. పని అయ్యాక పసుపునీళ్లతో కడిగి భజన మందిరం అటక మీద పెడతారు.

ఆ మందిరం కాపలా చూసే ప్రేమానందం, ప్లాస్టిక్ అయితే కడగడం సులువని, మోయడం తేలికని, దాన్ని రెండు కుర్చీలకు మార్చేసుకున్నాడు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఒక్క చావుకైనా వచ్చి ఉంటే మునిచంద్ర దాన్ని ఆమడ దూరం నుంచే గుర్తుపట్టేవాడు.

నేను చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఆ రోజు వానలో తడిసి వెళ్లానని వాడు నన్ను ఏ కుర్చీలోనూ కూర్చోనీయకుండా అరగంట నిలబెట్టి, ఆ కుర్చీ గొప్పదనం వినిపించాడు.

"మనిషి వెన్నును సదివి సేసిన కుర్చీ అన్నా ఇది," అన్నాడు అందులో వాలిపోయి. "దీంట్లో కూర్చున్నోడికి లేవబుద్ధి కాదు."

"అవునప్పా, లేచినోడిని నేనూ చూడలేదు," అన్నాను. మెచ్చుకుంటున్నానని పొంగిపోయాడు.

రెండువేల మూడు వేసవిలో ఒక దినపత్రిక జిల్లా పేజీలవాళ్లు వాడి హాలు గురించి రాయడానికి వచ్చారు. ఫోటో తీసే కుర్రవాడు హాయిగా సేద తీరుతున్నట్టు కళ్లు మూసుకోమన్నాడు. మునిచంద్ర తెల్ల పంచె కట్టుకుని, కుర్చీ చేతుల మీద తన చేతులు చాపి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు.

సరిగ్గా ఆ ఫోటో అచ్చయిన వారమే మా ఊళ్లో పరంధామయ్యకు నీళ్లు దిగడం ఆగిపోయింది. తొంభై దాటిన మనిషి. ఇవాళో రేపో అని, కుర్చీ దించి సిద్ధం చేద్దామని అటకెక్కితే అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఉన్నాయి. ప్రేమానందం నోరు మెదపలేదు. కుర్చీ ఏమయిందని ఊరంతా తలలు పట్టుకుని ఉండగా, టీ అంగట్లో బోండాలు కట్టిచ్చిన కాగితం మీద మునిచంద్ర కనిపించాడు. వార్త చిరిగిపోయిన సగంలో ఉండిపోయింది. ఈ సగంలో ఫోటో, కింద పేరు, అంతే. మా కుర్చీ, తెల్ల పంచె, మూసిన కళ్లు. ఇంక సందేహం ఎవరికి ఉంటుంది? చచ్చిపోయావా అని ఫోను చేసి అడిగే అలవాటు మా వైపు లేదు.

మరునాడు పది గంటలకు లారీ ఒకటి వాడి ఇంటి ముందు ఆగింది. నేను పలమనేరు పాలకేంద్రంలో రాత్రి పని ముగించుకుని అప్పుడే వచ్చి, ఊరి సంగతేమీ తెలియకుండా వాడి హాల్లో ఉన్నాను. నలభై మంది దిగారు. ముందు మా మేనత్త తాయమ్మ, చేతిలో చామంతి దండ. వెనక చావు పలక మోత. ఆమె ఏడుపు వీధి మొదట్లోనే మొదలయింది. "సిన్న వయసులోనే పోతివా మునీ, మాకు సెప్పకుండానే కుర్చీ తెప్పించుకుంటివా నాయనా!"

మునిచంద్ర తలుపు తీశాడు. పలక ఆగింది.

"వచ్చినారా అత్తా!" అన్నాడు వాడు. వాడి ముఖం వెలిగిపోయింది. దండ చూసి సన్మానమనుకున్నాడు. తల కూడా వంచాడు. "రాండి, రాండి, కూర్చోండి."

ఎవరూ కూర్చోలేదు. నలభై మందీ ఆ నునుపు టేకు మధ్యన నిలబడి కుర్చీని చూశారు, వాణ్ణి చూశారు. తాయమ్మత్త కళ్లు తుడుచుకుని, దండ పక్కన పెట్టి, ముందు సంతోషంగా వాడి బుగ్గలు నిమిరింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ మునిచంద్ర ఆ కుర్చీకి ఒక్కొక్క అడుగే దూరంగా జరిగాడు. రూపశ్రీ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కోసమో, భయం కోసమో నాకు తెలియదు.

"నీకు తెలుసునా?" అన్నాడు వాడు నావైపు తిరిగి.

నేను మామిడిపిందె బల్లను చూస్తూ ఉండిపోయాను. ఆ ఘడియలో నామీద నాకే అసహ్యం వేసింది.

లారీలోంచి ప్లాస్టిక్ కుర్చీలు రెండూ దించారు. "ఇంద, నీ కుర్చీలు నువ్వు పెట్టుకో. పరంధామయ్య మామ తెల్లారుజామున పోయినాడు. ఆయన్ను బెంచీ మింద కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకోనుండారు," అంది తాయమ్మత్త. "దాంట్లో మీ నాయన గూడా కూర్చున్నాడు. వచ్చే వంతు నీదేమో అనుకుంటిమి, అంతే."

 కుర్చీని మునిచంద్రే ఎత్తుకున్నాడు. ఎవరినీ చెయ్యి వేయనీయకుండా లారీ దాకా మోసి, దానితో పాటు వాడూ ఎక్కాడు. తెల్ల పంచె నలుగుతుందని కూడా చూడకుండా కింద పలకల మీద కూర్చుని, కుర్చీ అదరకుండా దాని ముందు కాళ్లు రెండూ పట్టుకున్నాడు. నేనూ ఎక్కాను. వాడు నావైపు వీపు తిప్పుకున్నాడు.

ఊరు కనబడుతుండగా తాయమ్మత్తను అడిగాడు. "అత్తా, నాయన ఎట్టా కూర్చున్నాడు దీంట్లో?"

"అందరినీ తూర్పుకు పెడతాం గదా. మీ నాయనను మాత్రం బస్సొచ్చే దావకు తిప్పి పెట్టినాంరా," అంది ఆమె. "పొద్దు మునిగేదాకా అట్టనే ఉంచినాం."