చింతపండుతో తోమిన జపాను కత్తి

మా బావగారు పోయిన కబురు మా అప్పే ఫోనులో చెప్పింది. అప్ప అంటే మా అక్క. మా పెద్దలు ఓడెక్కి రంగూను వచ్చేటప్పుడు ఏమేం వదిలేశారో తెలియదు గాని, ఆ పిలుపు మాత్రం వెంట తెచ్చుకున్నారు. "మీ బావ పోనార్రా. టీ తాగి, కిటికీ కాడ కూకుని, అలాగే తల వాల్చీసినారు. బేగి రా," అంది. కాస్త ఆగి, "వొచ్చినాక ఆ కత్తి సంగతి కూడా సెప్పుదువు గాని," అంది. ఏడవాలో, కత్తి సంగతి ఇప్పుడెందుకని అడగాలో తెలియక ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ తికమక ఇప్పటికీ తీరలేదు. తీరుతుందేమోనని రాస్తున్నాను.

బావగారు తన్లిన్‌లో చమురు శుద్ధి చేసే కర్మాగారంలో ఫిట్టరు. ఉద్యోగం అయిపోయాక రోజూ బస్సులో ఏటి వంతెన దాటి, రంగూను ఊళ్ళో ఒక పాత వస్తువుల కొట్టుకి వచ్చి కూర్చునేవారు. పని, జపాను కత్తులు చూసి ఏది ఏపాటిదో చెప్పడం. యుద్ధం ముగిసి జపానువాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళ కత్తులు ఈ దేశంలో చాలానే ఉండిపోయాయి. కొన్ని అటకలెక్కాయి, కొన్ని కొబ్బరికాయలు కొట్టాయి. అవి పట్టుకుని వచ్చిన బర్మా వాళ్ళంతా ఆయన్ని 'ఊలే' అనేవారు, మామయ్యా అన్నట్టు. ఈ విద్య ఎవరు నేర్పారని అడిగితే ఒకసారి ఎవరో జపాను యాత్రికుడన్నారు, ఒకసారి బొమ్మల పుస్తకమన్నారు, ఒకసారి ఇనుమే చెప్పిందన్నారు. నేను మూడూ నమ్మాను.

కత్తి వచ్చిందంటే ముందు నోట్లో తాంబూలం ఊసేసి, తన ఇత్తడి మరచెంబులో నీళ్ళతో పుక్కిలించేవారు. తర్వాత తెల్లకాగితం మడిచి పెదవుల మధ్య పెట్టుకునేవారు. ఉమ్మి తుంపర ఒక్కటి పడినా అలుగు మీద, అంటే కత్తి రేకు మీద, తుప్పు లేస్తుందట. నన్నయితే దగ్గరికే రానిచ్చేవారు కాదు. "నువ్వు మాటాడితే వాన పడతాది బావమరిదీ. అవతల కూకో."

తెచ్చినవాళ్ళంతా ఒకే కథ చెప్పేవారు. ఈ కత్తిని మా తాతకి ఒక జపాను జనరలే స్వయంగా ఇచ్చాడని. బావగారు ఓపిగ్గా విని, వాళ్ళు వెళ్ళాక నాతో అనేవారు: "అందరికీ జనరళ్ళే ఇచ్చినారు. మరి యుద్దం సేసినోలెవులు?"

ఆయన అలుగు కేసి చూడక ముందే, పిడిని కత్తికి బిగించే వెదురు మేకు తట్టి, పిడి ఊడదీసేవారు. పిడి లోపల దాగి ఉండే ఇనపకాడను చూడాలి. "అలుగుని ఎవుడైనా మెరిపిస్తాడు. కాడని ఎవుడూ సూడడు, అందుకే అది దాని వయసు అది దాసుకుంటాది." ఎర్రటి తుప్పయితే నిన్నటిది. మాడిన బెల్లపు పాకంలా నల్లగా, నున్నగా ఉంటే తాతల నాటిది. ఫ్యాక్టరీ కత్తయితే కాడ మీద ముద్ర ఉంటుంది, అలుగు మీద పదును గీత బొమ్మ గీసినట్టుంటుంది. ఆ నలుపు మాత్రం తుడవకూడదు. ఒకాయన గరుకు కాగితంతో రుద్ది తెచ్చాడు. బావగారు టీ ఇప్పించి పంపేశారు. "జాతకం కడిగీసి వొచ్చి నన్ను ముహూర్తం అడుగుతన్నాడు," అన్నారు నాతో.

ఇక మా అప్పవాళ్ళింటి కత్తి. అది ఆయన తండ్రికి రంగూనులోని మింగళ తౌంగ్‌న్యున్‌లో పెరటి కాలవ తవ్వుతుంటే దొరికింది. ఏటా దసరాకి స్పానర్లూ, సుత్తీ, అప్ప కుట్టు కత్తెరతో పాటు అదీ పూజలో కూర్చునేది. ఊళ్ళో కత్తులన్నీ విప్పిన మనిషి దాని పిడి మాత్రం ముట్టుకోలేదు. ఏమంటే, "ఇంట్లో మనిషిని వయసడుగుతామేటి?" అనేవారు.

ఒక దసరాకి నేనూ అక్కడే ఉన్నాను. కత్తి దించుతుంటే పుచ్చిపోయిన పిడి అప్ప చేతిలోకి ఊడొచ్చింది. కాడ నల్లగా ఉంది. అంత మురికిది అమ్మవారి ముందు ఎలా పెడుతుంది? దీపం సెమ్మెలతో పాటు చింతపండూ బూడిదా వేసి తోమి, కుంకుమ బొట్టు పెట్టింది. నేను అవతలి గదిలో పేపరు చదువుకుంటున్నాను, చూసేసరికి అయిపోయింది.

సాయంత్రం బావగారు వచ్చారు. కాగితం పెట్టుకోకుండానే కత్తి అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"ఎంత నల్లగుండేదో. ఇప్పుడు సూడండి, ముకం కనిపిస్తంది," అంది అప్ప.

"బాగా తోమినావు," అన్నారాయన.

"ఇంతకీ ఏటిది? పాతదేనా?"

"ఫ్యాక్టరీదే. యుద్దంలో గుట్టలు గుట్టలుగా సేసినారు. పూజకి బాగుంటాది."

అంతే. కొత్త పిడి ఆయనే చెక్కి బిగించారు. అప్ప సంతోషించింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఫ్యాక్టరీదైతే అప్ప పాడుచేసిందేమీ లేదు. పాతదైతే, ఆయన తండ్రి చేతి కత్తికున్న వయసంతా అప్ప పెరటి తూములోంచి పోయినట్టే. పరాయి కత్తికి రెండు టీలు తాగితేగాని నోరు విప్పని మనిషి దీనికి నిలబడిన చోటే తీర్పు చెప్పేశారు. కాడ మీద ముద్ర నాకు కనపడలేదు. కానీ ఆయన అరచెయ్యి అడ్డంగా ఉంది. అంత అనుభవం ఉన్నవాడికి ఒక్క చూపు చాలదా అంటే, చాలుతుంది. ఎప్పుడు కదిపినా, "వాన పడతాది," అనేసేవారు.

దినానికి ముందు రోజు అప్ప ఆ కత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆయనతో అన్నాళ్ళు కూకున్నావు. నిజం సెప్పు. నా సేతుల్తో పాడుసేసినానా?"

సుత్తితో మేకు తట్టాను. కదల్లేదు. కిటికీ వెలుగులో పట్టి చూశాను. మేకు చుట్టూ, పిడి అంచు సందులోనూ జిగురు పోసేసి ఉంది. వెదురు మేకు వేలితో తోస్తే రావాలని ఊరందరికీ చెప్పినాయన తన కత్తిని ఎవరూ విప్పలేకుండా మూసేశారు. ఫ్యాక్టరీ కత్తే కదా అన్న అలక్ష్యమా, ఇంకెవరూ చూడకూడదన్న జాగ్రత్తా? నాకు తెలియలేదు.

"ఫ్యాక్టరీదే అప్పా."

"విప్పకుండానే తెలిసిందేటి?"

"బావ సెప్పినారు కదా."

"అది నాకు సెప్పింది. నీకేటి సెప్పినారు?"

"అదే."

నా మొహంలోకి చూసింది. "సర్లే. ఇద్దరూ ఒకే మాట మీదున్నారు," అని పెరట్లోకి వెళ్ళింది.

వెనకే వెళ్ళాను. రేపటి కోసం చింతపండుతో తోమిన ఇత్తడి సామానంతా ఎండలో బోర్లించి ఉంది, కళ్ళు చెదిరేలా. వాటి మధ్య బావగారి మరచెంబు ఒక్కటే నల్లగా ఉంది.

"ఇదొకటి మర్సిపోనావు," అన్నాను.

అప్ప పైట చెంగు వేళ్ళకి చుట్టుకుని, చెయ్యి తగలకుండా దాన్ని మెల్లగా ఎత్తి నీడలో పెట్టింది.