లెక్కల మాస్టారి వెనక బెంచీ

పిల్లలు ఆయనకు పెట్టుకున్న పేరు ఎక్స్‌ప్రెస్ మాస్టారు. ఒకసారి బయల్దేరాడంటే చిన్న స్టేషన్లలో ఆగడని. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. తన వేగాన్ని మెచ్చుకుంటున్నారనుకుని మురిసిపోయాడు, పిచ్చి మహానుభావుడు!

ఆ బళ్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పైమాటే. భార్య పోయింది. కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంటోంది. ఇంటికి వెళితే కుక్కరు కూత తప్ప పలకరింపు లేదు. బళ్లో మాత్రం ఏం ఒరిగింది? స్టాఫ్ రూములోకి ఆయన రాగానే అందరూ లేచి కుర్చీ ఇస్తారు, ఆ వెంటనే తమ కబుర్లలో పడిపోతారు. గౌరవానికేం కొదవలేదు. ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే మనిషే లేడు. ఆ దిగులు ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

అలాంటి రోజుల్లో కొత్తగా వచ్చిన హెడ్మాస్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి టీచరూ వారానికోసారి ఇంకొకరి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం చూడాలి. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగుతూ, చూసిందేమిటో మాట్లాడుకోవాలి. ఎవరి క్లాసుకు వెళ్లాలన్నది వాళ్లవాళ్ల ఇష్టం. మిగతావాళ్లు ఇదెక్కడి గోల అని తలలు పట్టుకుంటే, మాస్టారి ప్రాణం ఆ టీ మాట దగ్గరే లేచొచ్చింది.

వారాలు గడిచాయి. ఆయన వెనక బెంచీ ఖాళీగానే ఉంది. అంత పెద్దాయనకు మనమేం చెబుతాంలే అని అందరికీ జంకు. పాఠం మధ్యలో తలుపు వంక చూసీ చూసీ ఆయన మెడ పట్టేసింది. చివరికి సిగ్గు విడిచి, కొత్తగా చేరిన సైన్స్ టీచరమ్మనే అడిగాడు.

"గురువారం నా క్లాసుకు రామ్మా."

"నేనా సార్? మీ క్లాసుకా?" అని ఆమె బిత్తరపోయింది.

"ఎవరో ఒకరు రావాలి కదమ్మా!"

వస్తానంది. అప్పుడు మాస్టారు చేసిన ఘనకార్యం వినండి. గురువారం చెప్పాల్సిన పాఠాన్ని బుధవారమే చెప్పి, జవాబులన్నీ పిల్లల చేత వల్లె వేయించాడు. గురువారం ఆయన బోర్డు మీద లెక్క సగం రాశాడో లేదో, ముందు బెంచీలోని అమ్మాయి జవాబు చెప్పేసింది.

"ఉండమ్మా, లెక్క ఇంకా పూర్తికాలేదు."

"నిన్నటిదే కదా సార్!"

వెనక కూర్చున్న సైన్స్ టీచరమ్మ నవ్వాపుకోలేక తలొంచుకుంది. టీ దగ్గర మాత్రం, "చాలా బాగుంది సార్, చెప్పడానికేం లేదు" అనేసి, సగం టీ వదిలి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ కాచుకున్న ముచ్చట రెండు గుక్కల్లో అయిపోయింది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. ఒక్కక్షణం కూర్చుని, లేచి వరండాలో ఆమె వెంటపడ్డాడు.

"ఆ పిల్ల అన్నది విన్నావుగా. మరి నాతో అనవేం?"

"పెద్దవారు... ఎలా అనను సార్?"

"సరే, రేపు మళ్లీ రా. భిన్నాల భాగహారం. ఏటా అక్కడే నా బండి బోల్తా కొడుతుంది. ఈసారి వల్లె వేయించను, ఒట్టు."

మర్నాడు నిజంగానే బోల్తా కొట్టింది. టీ గ్లాసు ముందు ఆమె చాలాసేపు తటపటాయించింది.

"కోప్పడకూడదు మరి. పీరియడ్ మొత్తంలో పిల్లలు ఒక్క జవాబూ చెప్పలేదు సార్."

"వస్తే కదా చెప్పడానికి, మొద్దులు!"

"వచ్చు సార్. మీరే అడిగి, మీరే చెప్పేస్తారు. చెయ్యి సగం ఎత్తి దించేసుకుంటున్నారు పాపం."

"అయితే నేనేం చెయ్యాలంటావు? అడిగాక కాసేపు ఆగాలి, అంతేగా?"

ఆమె ఫక్కున నవ్వింది. "ఇదిగో, ఇదే సార్ నేననేది!"

మాస్టారూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "అందరితోనూ ఇంతేనా నేను?" అని అడిగి, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు.

ఆమె గ్లాసులోకి చూస్తూ చెప్పింది. "మొన్న నేను లీవు పెట్టినప్పుడు, ఎందుకమ్మా అని అడిగారు. ఏదో పనుండి ఉంటుందిలే అని మీరే అనుకుంటూ వెళ్లిపోయారు. ఆ రోజు మా అమ్మను ఆస్పత్రిలో చేర్చాం సార్."

మాస్టారి మొహం మాడిపోయింది. తనతో ఎవరూ మాట్లాడరని ఇన్నాళ్లూ కుమిలిపోయాడే, ఎవరినైనా మాట్లాడనిచ్చిందెక్కడ? "అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగి, ఆమె చెప్పిందంతా విన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు. రోజూ చేసేదే. బాగున్నావా, బాగానే ఉంటావులే, తిన్నావా, తినే ఉంటావులే, ఉంటానమ్మా. అంతే, పెట్టేసేవాడు.

"ఎలా ఉన్నావమ్మా?" అని ఇవాళ ఆగాడు.

అవతల చప్పుడు లేదు. బాగానే ఉంటావులే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగాడు.

"నాన్నా, లైన్లో ఉన్నావా?"

"ఉన్నానమ్మా. చెప్పు."

ఆయన ఫోను చెవికి ఇంకాస్త నొక్కిపెట్టుకున్నాడు.

"బాగాలేను నాన్నా" అంది కూతురు. "చాలా రోజులైంది."