అవ్వ నీసు మానేసిన ఏడాది

మా చిన్నప్పుడు ఒక ఆదివారం... అవ్వ తన గిన్నెలోని కార్జం ముక్క తీసి నా గిన్నెలో వేసింది.

నేను ఉలిక్కిపడ్డాను. కార్జమంటే అవ్వకు ప్రాణం. ఊళ్ళో మేకను కోసి పోగులు పెట్టినప్పుడు, మా పోగులో కార్జం ఉందో లేదో వేలితో కదిపి చూసుకున్నాకే ఇంటికి తెచ్చేది.

"నువ్వు తినవా అవ్వా?"

"నాకొద్దు బిడ్డా... నువ్వు తిను."

అచ్చంపేట దగ్గర మా ఊరు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. అమ్మా బాపూ కాలువ పనికి మేస్త్రీ వెంట లారీ ఎక్కి దూరదేశం పోయారు... మళ్ళీ తొలకరికి గానీ రారు. ఇంట్లో అవ్వా, నేనూ. అంతే.

ఆ తర్వాత అవ్వ ముక్కలన్నీ నాకే వేసి, తను పులుసు మాత్రం పోసుకుంది. ఇంకొన్నాళ్ళకు పులుసు కూడా మానేసింది. పండుగకు కోసిన కోడి కూర వైపు చూడనైనా చూడలేదు.

నాకు భయం పట్టుకుంది.

ఎందుకంటే అంతకు ముందు ఏడే, ఎదురింటి నర్సవ్వ తులసిమాల వేసుకుని నీసు మానేసింది. కోడిగుడ్డు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. ఆమెను తీసుకుపోయిన రోజు వాకిట్లో ఎవరో అన్నారు... "పోయే ముంగట మనిషి ఒక్కొక్కటే ఇడుస్తది" అని.

ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది.

ఇక అవ్వను వదల్లేదు నేను. బడి నుంచి పరుగెత్తుకొచ్చి ముందు ఆమె గిన్నెలోకి చూసేదాన్ని. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తే ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చగా ఊపిరి తగిలిందాకా కదిలేదాన్ని కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని...

పాపం, అవ్వకు కూడా అదేమీ తేలిక కాలేదు. ఒకరోజు సొరకాయను పెద్ద పెద్ద ముక్కలు కోసి, అచ్చం మాంసానికి నూరినట్టే మసాలా నూరి వండింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది.

"వాసన మంచిగనే వచ్చింది... నాలికె మోసపోతలేదే!" అంది.

నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఎండు చేపలొక్కటే మిగిలాయి. జొన్నరొట్టెలో కాల్చిన ఎండు చేప లేకపోతే అవ్వకు తిన్నట్టే ఉండేది కాదు. అవి తింటున్నన్నాళ్ళు అవ్వకేమీ కాదని నాకు ధైర్యం. ఒక పొద్దున ఆ చేపలు దాచుకునే గురిగిని చెంగు కింద పెట్టుకుని పక్కింటి రహీంబీ దగ్గరికి బయలుదేరింది. నేనూ వెంట పోయాను.

"గిది నువ్వే ఉంచుకో రహీంబీ. ఇగ నాకు దీంతోని పనిలేదు" అంది అవ్వ.

అవ్వ చీర కుచ్చిళ్ళు పట్టుకుని బోరుమన్నాను.

"నర్సవ్వ లెక్క నువ్వు గూడ సచ్చిపోతవా అవ్వా? నేనెవరి కాడ ఉండాలె?"

ముసలివాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వి ఉంటే బాగుండేది... ఆ చూపులకు ఇంకా భయం వేసింది.

రహీంబీయే ముందు తేరుకుంది. "చెప్పక్కా. పిల్ల జడుసుకుంటాంది. ఇంక దాసకు."

అవ్వ అక్కడే అరుగు మీద కూలబడి నన్ను దగ్గరికి లాక్కుంది.

"కట్టెలకు పోయిన కాడ ఛాతి పట్టేసినట్టయింది బిడ్డా. రహీంబీ నన్ను దవాఖానకు తోల్కపోయింది. గుండె మంచిగ లేదన్నడు డాక్టరు. గోలీలు ఇచ్చిండు. మాంసం, ఉప్పు చేపలు ఇడువుమన్నడు. ఒక్కసారే నీతోని కాదు, ఒక్కొక్కటే తగ్గించుమన్నడు."

"బాపుకు చెప్పలే?"

"చెప్తె పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు. వచ్చి ఏం తింటడు ఈడ? నేను సచ్చేటందుకు ఇడుస్తలేనే పిచ్చిదానా... మీ అమ్మనాయిన వచ్చేదాంక నీ కాడ ఉండేటందుకు ఇడుస్తున్న."

భయం పోయిందా? పోలేదు. ఎందుకు భయపడాలో మాత్రం తెలిసింది.

ఆ వేసవిలో మా వాడలో ఒక పెండ్లి. వడ్డించే ఆయన అవ్వ విస్తరిలో గరిటెడు మాంసం వేసేశాడు. "వద్దు" అంటున్నా వినలేదు.

"ఒక్క పూటకు ఏమైతది పెద్దమ్మా, తిను!"

అవ్వ చెయ్యి ముక్క దాకా పోయి ఆగింది. గుటక వేయడం కనిపించింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

అవ్వ నా వైపు చూసింది. విస్తరి పక్కకు జరిపింది.

"ఏమైతదో నాకెరుకే బిడ్డా. ఇంకో ఇస్తరేసి జర పచ్చిపులుసు పొయ్యి."

తొలకరి పడ్డాక లారీ దిగి అమ్మా బాపూ వచ్చారు. ఎండకు నల్లగా మాడిపోయి, ముఖాలు పీక్కుపోయి... అవ్వ గడపలో నిలబడి వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆ ఆదివారం కొడుకు కోసం తనే మాంసం కూర వండింది. ఉప్పు చూడమని గరిటెలో రవ్వంత నా అరచేతిలో వేసి, తను మాత్రం పుంటికూర పప్పుతో కూర్చుంది. అప్పుడే బాపుకు విషయం తెలిసింది. ఎంతో సేపు ఆ మనిషి ముద్ద ఎత్తలేదు.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉంది. నా పెండ్లి చూసింది. మళ్ళీ నీసు ముట్టలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా ఏదైనా తినడం మానేస్తే "డైటింగా?" అని అడిగి ఫోన్లోకి తల దించేస్తున్నాం. ఎదురుగా కూర్చుని, పక్క మనిషి ఒక్క ముక్క తక్కువ తిన్నా భయపడిపోయే ఆ తీరిక ఎటు పోయిందో...

మీ ఇంట్లో కూడా ఎవరైనా చెప్పకుండా ఒక్కొక్కటే మానుకున్నవాళ్ళు ఉన్నారా? ఎవరి కోసం మానుకున్నారో మీకు ఎప్పుడు తెలిసింది?